చెల్లని కార్డుల మమతక్క

మా కొట్టుకి గుమ్మం లేదు, గల్లాపెట్టె లేదు, బేరమాడేవాళ్ళు అసలే లేరు. కంప్యూటర్లో తెరిచి కంప్యూటర్లోనే నడిపే కొట్టు అది. తొంభైతొమ్మిదో సంవత్సరం మాట. ఎక్కడో అమెరికాలో కూర్చున్నవాళ్ళు మీట నొక్కితే, ఇక్కడ మేము చీరో, స్వీట్ల డబ్బానో, పుట్టినరోజు కేకో తీసుకెళ్ళి వాళ్ళ మనుషుల చేతిలో పెట్టి వచ్చేవాళ్ళం. మాదాపూర్ ఊళ్ళో ఒకాయన ఇంటి పై అంతస్తులో మూడు గదులు మావి. కిటికీ తెరిస్తే కొత్తగా లేచిన గుండ్రటి అద్దాల మేడ కనపడేది. మా యజమాని వెంకట్ వచ్చినవాళ్ళందరికీ దాన్ని చూపించి, “మనమూ హైటెక్ సిటీలో ఉన్నట్టే లెక్క” అనేవాడు. లెక్క బాగానే ఉండేది గానీ, మా సందులో గేదెలు అడ్డం నిలబడితే అవి దయతలిచేదాకా ఆ హైటెక్కు కదిలేది కాదు.

నేను కాకినాడ పిల్లని. పేరు ఆమని. డిగ్రీ అయ్యాక కంప్యూటర్ కోర్సు ఒకటి చేసి, నిజాంపేటలో మా పిన్నిగారింట్లో ఉంటూ ఆ ఉద్యోగంలో చేరాను. వచ్చిన ఆర్డర్లు చూడటం నా పని. చెల్లని కార్డులు చూడటం మమతక్క పని.

కొన్నవాళ్ళు తమ క్రెడిట్ కార్డు నంబరు కొడితే అది అమెరికాలో ఒక కంపెనీ ద్వారా వాళ్ళ బ్యాంకుకి వెళ్ళేది. బ్యాంకు సరేనంటే సరే, మర్నాడు సరుకు బయల్దేరేది. కాదంటే మాత్రం ఎందుకు కాదో చెప్పేది కాదు, పెళ్ళిచూపులకి వచ్చి వెళ్ళి కబురు పంపనివాళ్ళలాగ. అప్పుడు ఆ మనిషికి మేమే ఫోను చేసి విషయం చెప్పాలి. మనవాళ్ళకి ‘మీ కార్డు చెల్లలేదు’ అని ముఖంమీద చెప్పడమంటే చెంపదెబ్బ కొట్టినట్టే. నేను ఒకసారి చెప్పి చూశాను. అవతలాయన తన జీతం, తన మామగారి హోదా, తన కారు పేరు వరసగా వినిపించి ఫోను పెట్టేశాడు. ఆ తర్వాత నన్నెవరూ ఆ పనికి పిలవలేదు.

మమతక్క అంతకుముందు మాదాపూర్ రోడ్డుమీద ఎస్టీడీ బూతులో పనిచేసేది. వెంకట్ అక్కడికి ఫోన్లు చేసుకోవడానికి వెళ్ళి, గొడవకి వచ్చిన మనిషిని కూడా ఆవిడ నవ్వించి పంపడం చూసి, పట్టుకొచ్చేశాడు. పొద్దున్నే అక్కడి రాత్రివేళకి సరిపోయేట్టు కూర్చుని మొదలుపెట్టేది. “అమ్మా, నమస్తె. హైద్రాబాద్ నుంచి మమతను మాట్లాడుతున్న. మంచిగున్నరా? మీరు మెచ్చిన చీర నేనే పక్కకు తీసి పెట్టిన. గని ఈ బ్యాంకోల్లే జర సతాయిస్తున్నరు.” తప్పు ఎప్పుడూ బ్యాంకుదే. కొన్నవాళ్ళ పరువు దక్కేది, మా డబ్బూ దక్కేది.

మదీనాగూడలో రెండు గదుల పోర్షను కిరాయికి తీసుకుని ఉండేవాళ్ళు వాళ్ళు. భర్త శ్రీను ఏదో కంపెనీ బస్సు నడిపేవాడు, నెమ్మదైన మనిషి. ఇద్దరు పిల్లలు. ఏ లోటూ లేదు కదా అనుకునేదాన్ని. కానీ మధ్యాహ్నం మేడమీద నీడలో కూర్చుని బాక్సులు విప్పుకున్నప్పుడల్లా మమతక్క ఒక దిక్కుకే తిరిగి కూర్చునేది. ఎండ మొహాన పడుతున్నా అటే.

“ఏముందక్కా అటు, రాళ్ళు తప్ప?” అన్నాను ఒకరోజు.

“గా రాళ్ళు దాటితె గచ్చిబౌలి. ఆనుంచి నార్సింగి. నార్సింగి దాటితె కోకాపేట. మా ఇల్లు.”

కోకాపేట అప్పుడు పల్లెటూరే. ద్రాక్షతోటలు, బండరాళ్ళు, గండిపేట వైపునుంచి వచ్చే గాలి. మమతక్క తండ్రి రాములు, తల్లి ఈరమ్మ ఇద్దరూ పోయారు. ఉన్నది ఒక్క అన్న, మహేందర్. ఈ అద్దాల మేడ వస్తుందన్న మాట పుట్టిందో లేదో చుట్టుపక్కల భూములన్నిటికీ రెక్కలొచ్చాయి. ఎవరో పెద్దమనిషి వచ్చి, వాళ్ళ పొలంతోపాటు దాన్ని ఆనుకుని ఉన్న ఇల్లు కూడా ఇస్తేనే కొంటానన్నాడట. చెల్లెలి సంతకం కూడా కావాలన్నాడట.

“నేను ఆస్తి అడిగిననా ఆమనీ? భూమి మొత్తం అమ్ముకో, కండ్లు మూసుకొని సంతకం పెడ్త. ఇల్లొక్కటి ఉంచు అన్న. గంతే. సంతకం పెట్టకుంటె గడప తొక్కకు అన్నడు.”

“మరి?”

“తొక్కలే.”

అలా కొన్నేళ్ళు గడిచిపోయాయి. బస్సెక్కితే మధ్యాహ్నం భోజనానికి వెళ్ళి సాయంత్రానికి తిరిగి రాగలిగేంత దూరం. అమెరికావాళ్ళయినా నాలుగేళ్ళకోసారి వచ్చి పుట్టింట్లో నాలుగు రోజులుండి వెళ్ళేవాళ్ళు. ఈవిడకి అదీ లేదు. “ఆ ఇంట్లో ఏముందక్కా?” అంటే, “ఏముంటది, అరుగు. అరుగు మీద మా అవ్వ కూసునేది. ఇంకోల్లకైతె ఏం లేదు” అనేది. అవ్వంటే వాళ్ళమ్మ. ఆ ఇల్లు ఒక్కసారి లోపలికి వెళ్ళి చూడాలని, అన్న నోట పేరు పెట్టి పిలిపించుకోవాలని, అంతకుమించి ఆవిడకి కోరికంటూ ఉన్నట్టు నాకు ఎప్పుడూ కనపడలేదు. ఆ కోరికతోనే అన్నం కలుపుకునేది, ఆ కోరికతోనే బాక్సు కడుక్కునేది.

శ్రావణమాసం వచ్చింది. మా కొట్టులో రాఖీలు పెట్టాం. మా కాకినాడలో రాఖీ అంటే బళ్ళో హిందీ మేష్టారు కొనిపించి కట్టించే దారం, అంతే. తెలంగాణలో అలా కాదని మమతక్క చెప్పింది. “బతుకమ్మకైతె అన్న వచ్చి తల్లిగారింటికి తోల్కపోవాలె. పిలుపు లేంది పోవద్దు. రాఖీకి పిలుపు అక్కర్లే, ఆడబిడ్డనే పోతది.” మరి నువ్వు వెళ్ళొచ్చుగా అంటే, గడప తొక్కకు అన్న ఇంటికి ఎట్ల పోవాలె, అని నన్నే ఎదురడిగింది.

ఆ పండక్కి వెంకట్ మా పేజీలన్నీ కొత్తగా చేయించాడు. కొన్నవాళ్ళు తమ చిరునామా ఒక గడిలో, సరుకు అందాల్సిన చిరునామా ఇంకో గడిలో రాయాలి. వాటిమీద ఉన్న ఇంగ్లీషు మాటలు అతనికి నచ్చలేదు. “ఇంట్లో మనిషి అడిగినట్టు ఉండాలండి. మమతగారూ, మీరైతే ఎలా అడుగుతారు?” అన్నాడు. ఆవిడ ఫోను పక్కన పెట్టకుండానే, “మీ ఇల్లు. పంపాల్సిన ఇల్లు. గంతే కద సార్” అంది. అప్పట్లో తెలుగు అక్షరాలు అందరి కంప్యూటర్లలోనూ కనపడేవి కావు, అందుకని ఆ రెండు మాటలూ ఇంగ్లీషు అక్షరాల్లోనే పెట్టాం. వెంకట్ స్నేహితుడొకాయన అమెరికానుంచి కొని చూశాడు. కార్డు చెల్లింది. అందరం చప్పట్లు కొట్టాం.

మర్నాటినుంచి ఆర్డర్లు వరదలా వచ్చాయి. వచ్చినవాటిలో సగానికి సగం కార్డులు చెల్లలేదు.

వెంకట్ తల పట్టుకున్నాడు. ఇన్ని కార్డులు వెనక్కి వస్తే ఆ అమెరికా కంపెనీవాళ్ళు మమ్మల్ని దొంగల కింద జమకట్టి తలుపులు మూసేస్తారట. మమతక్క మంచినీళ్ళ సీసా పక్కన పెట్టుకుని ఫోన్ల మీద కూర్చుంది. మొదటి ఫోను చికాగోలో ఉండే శ్రీలతగారికి. మాటలు నాకూ వినపడేట్టు స్పీకరు పెట్టి, ఆర్డరు నన్ను తెరిచి చూడమంది. కార్డు నంబరు సరిగ్గా ఉంది. పేరు సరిగ్గా ఉంది. గడువు తేదీ కూడా దాటలేదు.

“అమ్మా, మీ ఇల్లు అన్న కాడ ఏం రాసిన్రు?”

“మా ఇల్లే. నార్సింగి, పాత పంచాయతాఫీసు ఎనుక గల్లి.”

“మరి పంపాల్సిన ఇల్లు?”

“గదే. మా అన్నకే కద రాఖీ.”

నేను తెరమీద చూశాను. నిజమే, రెండు గడుల్లోనూ ఒకటే చిరునామా. ఈవిడ తనింటినుంచి తనింటికే పంపుకుంటోందని నాకు ఫక్కున నవ్వొచ్చింది. మమతక్క నవ్వలేదు.

“మీరుండేది చికాగో కదమ్మా. అది రాయలే?”

“అది మా ఆయన ఇల్లు కదమ్మా. మీరు నా ఇల్లు అడిగిన్రు.”

నేను గబగబా తక్కిన ఆర్డర్లు తెరిచాను. హనుమకొండ, సిద్దిపేట, నల్లగొండ. అన్నీ ఆడవాళ్ళవే. రాఖీతోపాటు చీరలు, స్వీట్లు కొన్న మావైపు ఆడవాళ్ళు కూడా అందులో ఉన్నారు. తెనాలి, గుంటూరు, ఆఖరికి మా కాకినాడ సూర్యారావుపేట కూడా ఉంది. ఒక్కరు కూడా తాముంటున్న ఇల్లు రాయలేదు. బ్యాంకు తన దగ్గరున్న చిరునామాతో పోల్చి చూసుకుని, కుదరలేదని కార్డు తిప్పిపంపింది. పాపం, బ్యాంకుకి ఏం తెలుస్తుంది? దానికి పుట్టిల్లు ఉంటుందా?

వెంకట్ ముందు పడీపడీ నవ్వాడు. నవ్వు అయిపోయాక కోపం వచ్చింది. “మీరు పెట్టించిన మాటే కదండీ మమతగారూ!” అన్నాడు.

“నా తప్పే సార్. నాకు ఇంకోతీరుగ తోచలే” అంది ఆవిడ.

ఆ పూటే మళ్ళీ ఇంగ్లీషు మాటలు పెట్టేశారు. మమతక్క మాత్రం ఒక్కొక్కరికీ ఫోను చేసి, “ఇప్పుడు మీరుంటున్న ఇల్లు చెప్పండమ్మా” అని అడుగుతూ కూర్చుంది. కొందరు నవ్వారు, కొందరు సిగ్గుపడ్డారు. నల్లగొండ ఆవిడైతే, “మీరట్ల అడగొద్దుండె. నేనేదో మంచిగ రాసుకున్న” అని నిష్ఠూరమాడింది. గుంటూరువైపు పెద్దావిడ ఒకరు, “ఆ ఇల్లు ఎప్పుడో అమ్మేశారమ్మా. చేతికి అలవాటుగా వచ్చేసింది” అన్నారు.

“అమ్మినంక కూడ మీ ఇల్లేనా అమ్మా?” అని అడిగింది మమతక్క. అది మా కార్డుకి సంబంధించిన ప్రశ్న కాదు.

“అమ్మింది మా అన్నయ్య కదమ్మా. నేను కాదుగా” అన్నారావిడ.

ఆ రోజు మమతక్క మేడమీదికి భోజనానికి రాలేదు. బాక్సు బల్లమీదే ఉండిపోయింది.

చెల్లని కార్డులన్నీ ఒక్కొక్కటిగా చెల్లాయి. కానీ ఈ గొడవలో రోజులు గడిచి, పండగ నెత్తిమీదికి వచ్చేసింది. సరుకులు పంచే మనుషులు తమ అక్కచెల్లెళ్ళు వస్తారని సెలవులు పెట్టేశారు. శ్రీలతగారి రాఖీ అలాగే ఉండిపోయింది. ఆవిడ మళ్ళీ ఫోను చేసింది. “చేతిల పెట్టిపోవుడు కాదమ్మా. మా అన్నకు నేనొక్కదాన్నే చెల్లెను. జర ఎవరన్న ఆడమనిషితోని కట్టియ్యి.”

“నా తప్పుతోనే ఆలస్యమైంది. నేనే పోత” అంది మమతక్క. నార్సింగి ఎటువైపో నాకు అప్పటికే తెలుసు. నా స్కూటీ మీద తీసుకెళ్తానన్నాను.

పండగనాడు ఆ పాత పంచాయతీ ఆఫీసు వెనక గల్లీలోకి వెళ్ళేసరికి, శ్రీలతగారి అన్న చెన్నకేశవులు తలంటుకుని, కొత్త చొక్కా వేసుకుని గుమ్మంలోనే కూర్చుని ఉన్నాడు. ఆర్టీసీలో కండక్టరు చేసి మానేసిన మనిషి. చెల్లెలు ఫోనులో చెప్పిందట, ఎవరో వస్తారని. మమతక్క బొట్టు పెట్టి, రాఖీ కట్టి, నోట్లో స్వీటు పెట్టింది. ఆయన కళ్ళు తుడుచుకుని, చెల్లెలికని కొని ఉంచిన జాకెట్టుముక్క ఆవిడ చేతిలో పెట్టాడు.

“పండుగ పూట నౌకరి మీద వచ్చినవ్. నీకు అన్నదమ్ములు లేరా బిడ్డా?”

లేరంటుందేమోనని భయమేసింది నాకు. “ఉన్నడు” అంది.

“యాడ?”

“కోకాపేటల.”

ఆయన తెల్లబోయాడు. “కోకాపేటంటె గీడనే కదనే! మా చెల్లె చికాగోల ఉండి కట్టింది. నువ్వింక ఈడనే ఉన్నవా?”

గల్లీ చివర రాఖీల బండి ఉంది. మమతక్క అన్నిటికన్నా పెద్దది, ఎర్ర స్పాంజి పువ్వు ఉన్నది కొంది. పక్క కొట్టులో పావుకిలో స్వీటు కొంది. స్కూటీ ఎక్కాక నా భుజమ్మీద చెయ్యి వేసి, “సంతకం పెడ్త ఆమనీ. ఇల్లు పోతె పాయె. అన్నన్న ఉంటడు” అంది. గాలికి సగం మాటలు ఎగిరిపోయాయి గానీ, ఆ సగమూ నాకు అర్థమైంది.

కోకాపేటలో ఆ ఇల్లు నేననుకున్నంత పెద్దది కాదు. పెంకులు, మట్టిగోడలు, ముందు సున్నం వేసిన అరుగు. అరుగు మీద ఒకాయన కూర్చుని ఉన్నాడు, అచ్చం మమతక్క ముక్కే. ఆవిడని చూడగానే లేచి నిలబడ్డాడు. రమ్మనలేదు, వద్దనలేదు. వదిన లోపలినుంచి పీట తెచ్చి వేసింది. మహేందర్ దాని మీద కూర్చుని చెయ్యి చాపాడు. మమతక్క గడప తొక్కి లోపలికి వెళ్ళి, ఆ గోడలవైపు ఒకసారి కళ్ళు తిప్పి చూసి, వచ్చి రాఖీ కట్టింది. స్వీటు తినిపించింది. అప్పుడు, ముందే కూడబలుక్కుని వచ్చినట్టు చెప్పింది.

“కాయితాలు తే అన్నా. సంతకం పెడ్త.”

మహేందర్ చేతికున్న రాఖీవైపే చూస్తున్నాడు. “అక్కర్లేదు మమతా.”

“ఎందుకు?”

“అయిపోయింది. ఉగాది కాడనే ఇంకోల్లకు రిజిస్ట్రీ అయింది.”

“నా సంతకం లేంది ఎట్లయితది?”

వదిన లేచి లోపలికి వెళ్ళిపోయింది. మహేందర్ ఆవిడ వెళ్ళినవైపే చూశాడు. “నాయినకు నేనొక్కన్నే అని రాసిచ్చిన. ఆడపిల్లలు లేరని” అన్నాడు.

నాకు నోరెక్కువని మా ఇంట్లో పేరు. ఆ క్షణంలో నా నోరు ఎక్కడికి పోయిందో తెలియదు. నేనైతే ఆ రాఖీ అక్కడికక్కడే తెంపి పారేసి ఉండేదాన్ని. మమతక్క దాని ముడి వదులుగా ఉందేమో సరిచూసింది. చూసి, గొంతు పెంచకుండానే అడిగింది.

“నాయినకు ఆడపిల్ల లేకుంటె, గిప్పుడు నీకు రాఖీ కట్టిందెవ్వరన్నా?”

ఆయన తల ఎత్తలేదు. “నువ్వు పెట్టవనుకున్న” అన్నాడు.

“పెడదమనే వచ్చిన ఇయ్యాల.”

ఆ మాటకి ఆయన ఏడ్చాడు. ఏడిస్తే నాకు జాలేం వేయలేదు, ఉన్నమాట చెబుతున్నాను. మమతక్క ఇల్లు ఎప్పుడు కూలగొడతారని అడిగింది. దసరా అయ్యాక అన్నాడు.

“అయితె బతుకమ్మకు వచ్చి తోల్కపో. ఇల్లున్నప్పుడే ఒక్కపారి. రాకుంటె నువ్వు రాసిందే నిజమనుకుంట. ఇగ నేను రాను.”

ఆయన పళ్ళెంలో పెట్టబోయిన డబ్బు తీసుకోకుండా లేచింది. అరుగు దిగేటప్పుడు దాని అంచుమీద ఒకసారి అరచెయ్యి ఆనించింది.

దారిపొడుగునా నేను కోర్టు, లాయరు అంటూ ఊగిపోయాను. కేసు వేస్తే గెలుస్తావక్కా, వదలకు అన్నాను. “కోర్టు భూమి ఇప్పిస్తది ఆమనీ. అన్నను ఇప్పిస్తదా?” అంది. ఇప్పించకపోతే పీడాపోయె, భూమి భూమే కదా అన్నాను. నేనిప్పటికీ అదే అంటాను. ఆవిడ నా మాట ఇప్పటికీ వినదు.

ఆ తర్వాత వానలు పడ్డాయి. వినాయకుళ్ళు వచ్చి వెళ్ళారు. మమతక్క మేడమీదికి రావడం మానేసింది. కిటికీ పక్కకి బల్ల జరుపుకుని, సందువైపు చూస్తూ ఫోన్లు చేసేది. కింద ఏ స్కూటర్ ఆగినా మాట మధ్యలో ఒక్క క్షణం ఆగిపోయేది. అవతలివాళ్ళు లైను పోయిందనుకునేవాళ్ళు. అద్దంలో చూసినట్టు ఆవిడ ఆరాటం నాకు ఎదురుగా కనపడుతుండేది, చెయ్యడానికి నాకేమీ ఉండేది కాదు. మా ఇంటికి నేను ఎప్పుడు కావాలంటే అప్పుడు రైలెక్కి వెళ్ళొచ్చు. ఆ సంగతి తలుచుకుంటే నాకే సిగ్గేసేది.

బతుకమ్మ మొదలయ్యే రోజు వచ్చింది. వెంకట్ సెలవు తీసుకోమన్నాడు. ఆవిడ ఒప్పుకోలేదు. “ఇంట్ల ఉంటె ఎదురుచూసినట్టుంటది సార్. ఈడుంటె పని చేసినట్టుంటది.”

పొద్దున ఇంకా ఎండ ఎక్కలేదు. డాలస్‌లో ఉన్న ఒకావిడ తల్లికి చీర పంపిందట, కార్డు చెల్లలేదు. మమతక్క ఆవిడతో మాట్లాడుతోంది. మెట్లమీద చప్పుడైంది. చూస్తే మహేందర్. తెల్లచొక్కా, చేతిలో సంచి, చెమటలు. మదీనాగూడ వెళ్ళి, తాళం చూసి, పక్కింటివాళ్ళని అడిగి, అడ్రసు పట్టుకుని వచ్చినట్టున్నాడు. గదిలో ఉన్నవాళ్ళందరం అతనివైపు తిరిగాం.

“ఎవరు కావాలండి?” అన్నాడు వెంకట్.

అతను మా అందరి మొహాలూ చూశాడు. గొంతు సవరించుకున్నాడు. తర్వాత, కింద సందులోకి కూడా వినపడేంత గట్టిగా చెప్పాడు.

“కోకాపేట రాములు బిడ్డను తోల్కపోనీకి వచ్చిన.”

నేను కుర్చీలోంచి లేచాను. అతన్ని నాలుగు మాటలు అనాలని రాఖీనాటినుంచి దాచిపెట్టుకున్నాను. నేను నోరు తెరిచేలోపే మమతక్క చెప్పులేసుకుని నన్ను దాటుకుని మెట్లు దిగుతోంది. వెనక అతను పరుగులాంటి నడక నడుస్తున్నాడు. ఆవిడ ఫోను పెట్టేయడం కూడా మర్చిపోయింది. బల్లమీద పడి ఉన్న రిసీవర్లోంచి ఎవరో హలో హలో అంటున్నారు. తీసి చెవి దగ్గర పెట్టుకున్నాను.

“మమతగారు ఇప్పుడే బయటికి వెళ్ళారండి. వాళ్ళన్నయ్య వచ్చారు.”

“తోల్కపోనీకి వచ్చిండా?” అంది అవతలావిడ.

“అవునండి.”

“పోనియ్యమ్మా, పోనియ్యి. నా కార్డు సంగతి రేపు సూద్దం.” అలా అందే గానీ ఫోను పెట్టలేదు. “మీ దిక్కు బతుకమ్మ పువ్వులు పూసినయా?” అని అడిగింది.

నాకు ఆ పువ్వుల పేర్లు తెలియవు. కిటికీలోంచి చూసి, రాళ్ళ మధ్య పసుపుపచ్చవి విరగబూశాయని చెప్పాను. వాటి పక్కన తెల్లగా కంకుల్లా ఉన్నవి, గోడకి పాకి పచ్చగా పెద్దపెద్దవి. ఒక్కొక్కటీ చెప్తుంటే ఆవిడ పేర్లు చెప్పుకుంటూ వచ్చింది. తంగేడు. గునుగు. గుమ్మడి. “ఇంకేమున్నయమ్మా?” అని అడిగింది. నేను కిటికీలోంచి ఇంకొంచెం బయటికి వంగి చూశాను.